కాంట్రాక్టర్ కాదు, మేస్త్రీ

ప్రశ్న: సార్, నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మాది దేవరకద్ర దగ్గర పల్లె. ఎన్‌సీసీలో ఈ ఏడాది నన్ను సీనియర్ అండర్ ఆఫీసర్‌ను చేశారు. కానీ క్యాడెట్లు నా మాట వినరు. గట్టిగా అరిస్తే అప్పటికి నిలబడతారు, నేను అటు తిరగగానే నవ్వుకుంటారు. సైన్యంలో ఆఫీసర్ల కోసం పెట్టే సీడీఎస్ రాత పరీక్ష పాసై బెంగళూరులో ఎస్‌ఎస్‌బీకి, అంటే అయిదు రోజుల సెలక్షన్ బోర్డుకు వెళ్లాను. అయిదో రోజు కాన్ఫరెన్స్ అయ్యాక నా చెస్ట్ నంబర్ పిలవలేదు, సెలెక్ట్ కాలేదు. మా నాయన మేస్త్రీ. ఇరవై మందిని వెంటబెట్టుకుని మట్టి పనికి, కాంక్రీట్ పనికి బొంబాయి, పుణె పోతాడు. ఇంటర్వ్యూలో అడిగితే ‘కాంట్రాక్టర్’ అని చెప్పాను. తర్వాతి ప్రశ్నలకు తడబడ్డాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ముప్పై వేలు కడితే నెలలో పర్సనాలిటీ మార్చేస్తామంటున్నారు. లీడర్‌షిప్ నేర్చుకుంటే వస్తుందా, పుట్టుకతోనే రావాలా? ఆర్మీ ఆఫీసర్ కావడానికి నన్ను నేను ఎట్లా తయారుచేసుకోవాలి? పేరు వేయొద్దు సార్.

జవాబు: బిడ్డా, ముందు నా సంగతి చెప్తాను. లేకపోతే నా సలహాకు ఎంత విలువ కట్టాలో నీకు తెలియదు. నేను ఆఫీసర్‌గా చేయలేదు. దేవరకొండ పక్క పల్లె నుంచి సిపాయిగా చేరి, 28 ఏళ్ల తర్వాత సుబేదార్‌గా ఇంటికొచ్చాను. ఆఫీసర్లను నేను కింద నుంచి చూశాను. అకాడమీ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన లెఫ్టినెంట్ అంటే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లగాడు, భుజాల మీద రెండేసి నక్షత్రాలు. అతని చేతిలో ముప్పై మందికి పైగా జవాన్లను పెడతారు. వాళ్లలో చాలామంది వయసులో అతనికన్నా పెద్దవాళ్లు. పక్కన నాలాంటి నెరిసిన మీసాల జేసీఓ (జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య ర్యాంకు) ఒకడు ఉంటాడు. రూలు ప్రకారం నేను అతనికి సెల్యూట్ కొట్టాలి. అతను మాత్రం నన్ను ‘సాబ్’ అని పిలుస్తాడు. అట్లాంటి పిల్లలు చాలామంది వచ్చారు. ఎవరు నిలదొక్కుకున్నారో, ఎవరు నిలదొక్కుకోలేదో పక్కనే ఉండి చూశాను. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నాయన గురించి ‘కాంట్రాక్టర్’ అన్నావు చూడు, అక్కడి నుంచి మొదలుపెడదాం. నువ్వు రెండు ముక్కల్లో దాటేశావు గానీ, నాకు మీ క్యాడెట్ల గొడవ కన్నా అదే పెద్దదిగా కనబడింది.

ఎస్‌ఎస్‌బీలో నిన్ను ముగ్గురు వేర్వేరుగా చూస్తారు. సైకాలజిస్ట్ నీతో మాట్లాడడు, నువ్వు రాసిన కాగితాలు చదువుతాడు. గ్రౌండ్‌లో గుంపు పరీక్షలు పెట్టే ఆఫీసర్, అంటే జీటీఓ, నువ్వు చేసేది చూస్తాడు. ఇంటర్వ్యూ ఆఫీసర్ నువ్వు చెప్పేది వింటాడు. మనసా, వాచా, కర్మణా అంటారే, అదే పద్ధతి. చివరి రోజు ఈ మూడు లెక్కలూ ఒకే బల్ల మీదికి వస్తాయి. ఇంటర్వ్యూకు ముందే ఒక పెద్ద ఫారం నింపించారు కదా. తండ్రి చదువు, వృత్తి, నెల ఆదాయం అన్నీ అందులో ఉంటాయి. ఆదాయం నిజమే రాసి ఉంటావు. ఆ అంకెకూ, కాంట్రాక్టర్ అన్న మాటకూ పొత్తు కుదరడం లేదని అంత సర్వీసున్న మనిషికి తెలియదనుకున్నావా? ఎన్ని మిషన్లున్నాయి, బిల్లులు ఎట్లా వస్తాయి, టెండర్ ఎవరు వేస్తారు అని అడిగి ఉంటాడు. నీకు చెమటలు పట్టి ఉంటాయి.

నువ్వు అందుకే పోయావని నేననను. బోర్డు కారణం చెప్పదు, ఊహించి నిన్ను బాధపెట్టడం నాకు ఇష్టం లేదు. నేను చెప్పే నష్టం వేరే. మేస్త్రీ అని ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే అరగంట మాట్లాడేంత సరుకు నీ ఇంట్లోనే ఉంది. ఇరవై మందిని కూడగట్టడం, తెలియని ఊరికి తీసుకుపోవడం, వాళ్లలో వాళ్లు కొట్టుకోకుండా పని చేయించడం, అందరినీ తిరిగి ఇల్లు చేర్చడం. ఆ బోర్డు వాళ్లు అయిదు రోజులు కూర్చుని వెతికేది అట్లాంటి మనిషినే.

మా మేనమామ కూడా మేస్త్రీయే. పదో తరగతి సెలవుల్లో ఆయన గుంపుతో కాలువ పనికి పోయాను. లారీ ఊరు దాటకముందు ఒకసారి, మాల్ దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు ఒకసారి, దిగిన చోట ఒకసారి అందరినీ లెక్కపెట్టాడు. పెద్దవాళ్లను తలలు లెక్కపెట్టేవాడు, పిల్లలను పేరు పెట్టి పిలిచేవాడు. దిగాక పని జాగా వైపు చూడనే లేదు. ముందు నీళ్లెక్కడున్నాయో చూసొచ్చాడు. తర్వాత చెట్టు వెతికాడు. చంటిపిల్లల తల్లులు నలుగురున్నారు. చీర ఉయ్యాల కట్టాలంటే గట్టి కొమ్మ కావాలి, ఆ ఉయ్యాల తల్లికి పని చేసే చోటి నుంచి కనబడాలి, లేకపోతే ఆమె చేతిలో తట్ట కదలదు. అందుకని చెట్టు పక్క జాగా ఆ నలుగురి జంటలకు ఇచ్చాడు. దగ్గు మనిషి ఒకాయన ఉంటే మట్టి మోయనివ్వకుండా బిందె చేతికిచ్చి నీళ్లు పోసే పని అప్పజెప్పాడు. కూలి మాత్రం అందరితో సమానం. దానికి ఇద్దరు గొణిగారు. మామ వాళ్ల మీద అరవలేదు. ‘రేపు నీకు జరమొస్తే నీకూ బిందెనే ఇస్త’ అన్నాడు. గొణుగుడు ఆగింది. పూర్తిగా ఆగలేదులే, తగ్గింది.

తర్వాత ఫౌజులో కొత్త చోట క్యాంపు దిగినప్పుడల్లా అదే వరస చూశాను. నీళ్లెక్కడ, సెంట్రీ ఎక్కడ నిలబడాలి, లెట్రిన్ గుంత ఏ పక్క తవ్వాలి, ఎవరికి ఒంట్లో బాగాలేదు. మిగతా వాళ్లు అదంతా నోట్‌బుక్కులో రాసుకుంటుంటే నాకు మామ గుర్తొచ్చేవాడు.

మేస్త్రీలందరూ ధర్మాత్ములని చెప్పడం లేదు. అడ్వాన్సు లెక్కలు తిప్పి తిప్పి కూలోళ్ల ఉసురు పోసుకున్నవాళ్లు మన పాలమూరు దిక్కున తక్కువేం లేరు. మీ నాయన ఏ రకమో నాకు తెలియదు. నువ్వే చూడు. పరీక్షలయ్యాక పది రోజులు ఆయన వెంట పో. పగలు పని చెయ్యి, రాత్రి ఆయన లెక్క రాసే చోట కూర్చో. ఎవరికి ఎవరితో పడదు, ఏ ఇద్దరిని ఒక జంటగా వేయకూడదు, పరంజా మీద నుంచి మనిషి జారితే ఏ ఆస్పత్రికి ఎట్లా చేరుస్తాడు, సేటు డబ్బులు ఆపితే ఇరవై మందికి ఏం చెప్తాడు, ఇవన్నీ అడుగు. ఆయన తప్పు చేస్తున్నట్టు కనబడితే అది కూడా గుర్తుపెట్టుకో.

ఇక నీ క్యాడెట్లు. డ్రిల్‌లో గొంతు కావాలి, కాదనను. గ్రౌండ్ చివర నిలబడ్డవాడికి కూడా కమాండ్ వినబడాలి. డ్రిల్ అయిపోయాక కూడా అదే గొంతు వాడుతున్నావేమో చూసుకో. నిన్ను ఒక్కటి అడుగుతాను. పొద్దున పరేడ్‌కు అందరికన్నా దూరం నుంచి వచ్చే క్యాడెట్ ఎవరు? ఏ ఊరు? మొదటి బస్సు అక్కడ ఎన్నింటికి? ఇది తెలియకుండా అతను లేటొచ్చాడని గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు కొట్టిస్తే, నువ్వు తిరగగానే నవ్వక ఏం చేస్తారు?

చిన్న పని ఒకటి చెప్తాను. పరేడ్ తర్వాత రిఫ్రెష్‌మెంట్ పంచుతారు కదా, రేపటి నుంచి లైన్లో అందరికన్నా చివర నిలబడు. ఏదో ఒకరోజు సమోసాలు అయిపోతాయి, నీకు దక్కదు. లెక్క ఎవరు తప్పారా అని వెతుకుతావు. బహుశా ఆ లెక్క ఇచ్చింది నువ్వే అయి ఉంటావు. ఈ పని ఎవరికీ చెప్పకుండా చెయ్యి. ‘నేను చివర్న తింటున్నాను చూడండి’ అన్న రోజు అది నాటకమైపోతుంది. నాటకాన్ని క్యాడెట్లు పసిగడతారు, జవాన్లయితే ఇంకా తొందరగా పసిగడతారు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో చెట్‌వుడ్ హాల్ ఉంది. 1932లో అప్పటి భారత సైన్యం కమాండర్-ఇన్-చీఫ్ చెట్‌వుడ్ చెప్పిన మాటలు అక్కడ చెక్కి ఉంటాయి. దేశం భద్రత, గౌరవం, క్షేమం ముందు. నీ కింద పనిచేసేవాళ్ల గౌరవం, క్షేమం, సుఖం తర్వాత. నీ సుఖం, నీ భద్రత అన్నిటికన్నా చివర, ఎప్పుడైనా, ప్రతిసారీ. అది కంఠతా రాని ఆఫీసర్‌ను నేను చూడలేదు. లంగర్‌లో (జవాన్ల వంటశాలలో) ప్లేటు పట్టుకున్నప్పుడు గుర్తొచ్చేవాళ్లను కొందరినే చూశాను.

ఒక రాత్రి సంగతి చెప్తాను. నైట్ నావిగేషన్ ప్రాక్టీస్. కొత్త లెఫ్టినెంట్ చేతిలో మ్యాప్, కంపాస్. అతని వెనక నేను, మా వెనక ప్లటూన్, అంటే ఆ ముప్పై మంది పైచిలుకు జవాన్లు. రెండు నాలాలు కలిసే చోట ఎడమది పట్టాల్సింది, కుడిది పట్టాడు. నాకు తెలిసింది. కొంచెం దూరం పోనిచ్చి, చెవి దగ్గర ‘సాబ్, ఒకసారి మ్యాప్ చూద్దామా’ అన్నాను. ఆగాడు. ప్లటూన్‌ను కూర్చోబెట్టి, గ్రౌండ్ షీట్ తల మీదుగా కప్పుకుని, వెలుతురు బయటికి రాకుండా లోపల టార్చ్ వేసి చూశాడు. రెండు నిమిషాల తర్వాత బయటికొచ్చి సెక్షన్ కమాండర్లను పిలిచాడు. ‘తప్పు నాలా పట్టాను. అరగంట పోయింది, నా పొరపాటు. వెనక్కి పోదాం.’ అంతే. తెల్లారి కంపెనీ కమాండర్ ఆలస్యం ఎందుకైందని అడిగితే స్కౌట్ పేరు ఎత్తనే లేదు. నిజానికి ముందు నడిచిన స్కౌట్ కూడా పొరబడ్డాడు.

అదే పొరపాటు ఇంకో ఏడు ఇంకొకాయన చేశాడు. చేసి, కంపాస్ పట్టిన కుర్రాడిని అందరి ముందు తిట్టాడు. దాని వల్ల ఏమైందంటే, పైకి ఏమీ కాలేదు. ఎవరూ ఎదురు చెప్పలేదు, చెప్పిన పనల్లా చేశారు. కానీ ఆ తర్వాత ఆయన దారి తప్పితే చెప్పే నోరు ఒక్కటీ లేకపోయింది. నాతో సహా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇంకో రాత్రి ఆయన తప్పు దారి పట్టాడని తెలిసి కూడా రెండు కిలోమీటర్లు నోరు మూసుకుని వెనకే నడిచాను. ఆ రాత్రి ప్రాక్టీసే కాబట్టి అలసటతో పోయింది. ప్రాక్టీస్ కాకపోయి ఉంటే ఏమయ్యేదో అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

నీ క్యాడెట్లు వెనక నవ్వుతున్నారని బాధపడుతున్నావు. నువ్వు తప్పు కమాండ్ ఇస్తే ముఖం మీద చెప్పేవాడు ఒక్కడైనా ఉన్నాడా అని చూసుకో. ఫౌజులో ఆర్డర్ చెప్పడం అయిపోయాక ‘కోయీ షక్?’ (ఏమైనా సందేహమా?) అని అడుగుతారు. కొందరు మ్యాప్ మడుచుకుంటూ అడుగుతారు. వాళ్లను ఎవడూ అడగడు. అడిగి ఆగాలి. అవసరమైతే అందరికన్నా చిన్న క్యాడెట్‌ను లేపి, నేనేం చెప్పానో నీ మాటల్లో చెప్పు అనాలి. వాడు తప్పు చెప్తే పొరపాటు వాడిది కాదు.

ఆలోచన సంగతి. జీటీఓ ఒక నమూనా ముందు నిలబెట్టి కథ చెప్పి, గుంపుగా ప్లాన్ చెయ్యమంటాడు కదా. దాని ప్రాక్టీస్‌కు గైడ్లు కొనొద్దు, మన ఊళ్ల మీదనే లెక్కలు వేసుకో. ఇదిగో ఒకటి. దుందుభి పొంగింది. అవతలి తండాలో ఒకామెకు పురిటి నొప్పులు. ఇవతల నువ్వు, పన్నెండు మంది, ఒక ట్రాక్టర్, యాభై మీటర్ల మోకు. పొద్దుగూకడానికి గంటన్నర ఉంది.

మా ఊరి పిల్లలకు ఈ లెక్క ఇస్తుంటాను. దాదాపు అందరూ ట్రాక్టర్‌ను వాగులోకి దించేస్తారు. మోకు ఏ చెట్టుకు కట్టాలి, ముందు ఎవరు దిగాలి అని కొట్లాడుకుంటారు. కొట్లాట అయిపోయాక నేనడుగుతాను. మీ పని వాగు దాటడమా, ఆమెను ఆస్పత్రికి చేర్చడమా? అవతలి ఒడ్డుకు వేరే దిక్కు నుంచి రోడ్డు లేదా? 108 ఆ మండలం వైపు నుంచి రాలేదా? తండాలో ఆశా వర్కర్ ఉందా, ఫోన్ ఎవరైనా చేశారా? ఆమెకు ఇది మొదటి కాన్పా, మూడోదా? ఇవన్నీ కనుక్కోవడానికి అయిదు నిమిషాలు చాలు. ట్రాక్టర్ మునిగితే పన్నెండు ప్రాణాలు పోతాయి, అవతల ఆమె అట్లనే ఉంటుంది. ఒక పిల్లగాడు మాత్రం మొదటే అన్నాడు, ‘సార్, అవతలోళ్లను అడుగుదాం, ఆ వాగు వాళ్లకు మనకన్నా ఎరుక’ అని. వాడు టెన్త్ ఫెయిలు, మేకలు కాస్తాడు.

ఫౌజులో దీన్ని అప్రిసియేషన్ అంటారు. పేరు పెద్దది, వరస సాదాసీదాది. అసలు సాధించాల్సింది ఏమిటి? నేల, వాన, టైమ్, మనుషులు, సామాను వీటిలో ఏవి సాయపడతాయి, ఏవి అడ్డుపడతాయి? ఎన్ని దారులున్నాయి, ఏ దారిలో చెడితే ఎంత చెడుతుంది? అప్పుడు ఒకటి పట్టుకోవాలి. అన్నీ తెలిసేదాకా కూర్చుంటే పొద్దుగూకుతుంది, కాబట్టి ‘పది నిమిషాల్లో తేల్చేస్తాను’ అని ముందే గడువు పెట్టుకోవాలి. తేల్చాక ఊగిసలాడకూడదు. వారానికి ఒకటి ఇట్లాంటిది రాసుకో. మన్యంకొండ జాతరలో పిల్ల తప్పిపోయింది, హాస్టల్లో యాభై మందికి వాంతులు, బొంబాయి బస్సు రాత్రిపూట ఘాట్‌లో ఆగిపోయింది. రాసి మీ నాయనకు చదివి వినిపించు. ఆయన తీసే తప్పులు కోచింగ్ సెంటర్‌లో ఎవరూ తీయలేరు.

మన తెలంగాణలోనే సూర్యాపేట ఉంది. కర్నల్ సంతోష్ బాబు విగ్రహం దగ్గర సెల్ఫీ దిగే ఉంటావు. ఆయన ఆరో తరగతిలో కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరి, నేషనల్ డిఫెన్స్ అకాడమీ మీదుగా వచ్చి, 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యాడు. బెటాలియన్ అంటే దాదాపు 800 మంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా వాళ్లు వెనక్కి పోయారో లేదో చూసి రావడానికి పంపాలంటే ఆయన కింద ఆఫీసర్లున్నారు. ఆయనే ముందు నడిచాడు. ఆ రాత్రి మన వాళ్లు 20 మంది పోయారు, వాళ్లలో ఆయన ఒకడు. తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. ఆయన ప్రాణమిచ్చాడని అందరూ చెప్తారు. నేను ఇంకో సంగతి చూడమంటాను. మన తెలుగు మనిషి బిహార్, జార్ఖండ్, ఒడిశా జవాన్ల బెటాలియన్‌కు పెద్దదిక్కుగా ఉన్నాడు. భాష తనది కాదు, తిండి తనది కాదు, పండగలు తనవి కావు. అక్కడ నమ్మకం ఒక్క రాత్రిలో పుట్టదు. ఏళ్ల తరబడి వాళ్ల భాషలో వాళ్ల ఇంటి కష్టాలు విని ఉండాలి. నీకు మహబూబ్‌నగర్ హిందీ వచ్చు కదా, దక్కనీ యాస అని సిగ్గుపడకు. జవాన్‌కు యాసతో పని లేదు.

చేతి పనుల గురించి ఎక్కువ రాయను, చేస్తే వచ్చేవి అవి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాప్ సంపాదించు. దాని మీద 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటర్. ఎత్తు గీతలు మామూలుగా 20 మీటర్లకు ఒకటి. ఆ షీట్ పట్టుకుని కోయిల్‌కొండ కోట గుట్ట ఎక్కు. గీతలు దగ్గరదగ్గరగా ఉన్న చోట మోకాళ్లు ఎంత లాగుతాయో తెలిశాక ఎవరూ నీకు కాంటూర్ పాఠం చెప్పక్కర్లేదు. వంద మీటర్లకు నీ అడుగులు ఎన్నో కొలుచుకో, రాత్రి చీకట్లో అదే నీ టేపు. ఫస్ట్ ఎయిడ్ నేర్చుకో. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం కాదు. కాలు కదలకుండా కట్టి, ఆస్పత్రికి చేర్చడం. మన పొలాల్లో ఫౌజుకు పోకముందే పనికొస్తుంది. ఈత రాకపోతే ఈ ఎండాకాలమే నేర్చుకో, బాయిలో అయితే పక్కన ఈత బాగా వచ్చినవాడు ఉండాల్సిందే. ఈత రాక అకాడమీలో ఏడ్చినవాళ్లున్నారు. పరుగు రోజూ ఉండేదే.

కోచింగ్‌కు ముప్పై వేలు వద్దు. వర్డ్ అసోసియేషన్‌లో 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు. సిట్యుయేషన్ టెస్టులో 60 సందర్భాలు, మొత్తం 30 నిమిషాలు. బట్టీ కొట్టింది వెతుక్కునే టైమ్ ఇవ్వకూడదనే అట్లా పెట్టారు. పరీక్ష ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే ఫ్రీగా దొరుకుతుంది, పైగా నువ్వు అయిదు రోజులు ఉండి చూసొచ్చావు. ఆ ముప్పై వేలు మీ నాయన అడ్వాన్సు తీసి ఇచ్చేవైతే అసలే వద్దు.

పుట్టుకతో వస్తుందా అన్నావు. పుట్టుకతో మంచి గొంతు, మంచి ఎత్తు వస్తాయి. మిగతాదంతా వస్తే చెన్నైలోని ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీలో 49 వారాలు కూర్చోబెట్టి నేర్పడం దేనికి?

దారులు మూసుకుపోలేదు. సీడీఎస్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, వయసున్నంత వరకు మళ్లీ రాయొచ్చు. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ కనీసం ‘బి’ గ్రేడుతో, డిగ్రీలో 50 శాతం వస్తే రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి అప్లై చేసుకునే స్పెషల్ ఎంట్రీ కూడా ఉంది. పరీక్ష మీద ధ్యాస తప్పకు.

మళ్లీ పిలుపు వచ్చినప్పుడు ఆ ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట మేస్త్రీ అని రాయి. ఎంతమంది ఉంటారు ఆయన కింద అని ఆ సార్ అడుగుతాడు. ఇరవై అని నాకు రాశావు. పది రోజులు వెంట తిరిగొచ్చాక, ఇరవైనా, ఇరవై రెండా, అందులో చంటిపిల్లల తల్లులెవరో, దగ్గు మనిషి ఎవరో పేర్లతో సహా చెప్పగలవు.